ఆల్ట్ నొక్కి పట్టు, సున్నా ఒకటి ఏడు ఆరు కొట్టు

మార్చి దగ్గరికొస్తున్నదంటే మా షాపుకు లెక్కల సార్ల రాకడ మొదలైతది. ప్రీ ఫైనల్ పేపర్లు, మోడల్ పేపర్లు, కోచింగ్ సెంటర్ల గ్రాండ్ టెస్టులు. అందరు చేత్తోని రాసిన కాయితాలే పట్టుకొస్తరు. తెలుగు పేపర్ అయితే వేళ్లు వాటంతట అవే పోతయి. సోషల్ అయితే మ్యాపు ఒక్కటి అతికిస్తే అయిపాయె. లెక్కల పేపర్ అట్ల కాదు. అండ్ల అక్షరాల కన్న గుర్తులే ఎక్కువ. వర్గమూలం లోపల ఇంకో వర్గమూలం, తీటా, అనంతం, కిందొక అంకె పైనొక అంకె ఉన్న ఇంటిగ్రల్. హన్మకొండల డీటీపీ షాపులకు కరువు లేదు గని, లెక్కల పేపర్ చూడంగనే "మా ఆపరేటర్ ఊరికి పోయిండు సార్, రెండు రోజులాగి రాండ్రి" అనేటోళ్లే ఎక్కువ. నేను వద్దనను. నా రేటు పేజీకి జర ఎక్కువ, అంతే.

నాది నయీంనగర్ నుంచి కేయూ క్రాస్ రోడ్డుకు పోయే తొవ్వల చిన్న షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, నేను, పర్కాల నుంచి బస్సుల వచ్చే మా ఆపరేటర్ పిల్ల. యూనివర్సిటీ దగ్గర గనుక థీసిస్‌లు వస్తయి. కోర్టు కాయితాలు వస్తయి, పెండ్లి పత్రికలు వస్తయి, భూముల కాయితాలు వస్తయి. పనులు వేరువేరే గని, అన్నిట్ల ఒక్క దగ్గరనే పని ఆగుతది. కీబోర్డు మీద లేని గుర్తు కావాలె. అదెట్ల కొట్టాలె?

మా పిల్ల కొత్తగ వచ్చినప్పుడు డిగ్రీ గుర్తుకు ఏం చేసేదంటే, ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టి, దాన్ని చిన్నగ చేసి పైకి లేపేది. ప్రింటు తీస్తే అచ్చం డిగ్రీనే. "వచ్చింది కదక్కా" అనేది. వచ్చింది నిజమే, కాయితం మీద. అదే ఫైలును సార్ వాట్సాప్‌ల పెట్టుమంటే, ఆ లైన్ కాపీ చేసి పంపుతే, 45 పక్కపొంటి పెద్ద ఓ వచ్చి కూసుంటది. పిల్లలు దాన్ని నాలుగు వందల యాభై అని చదువుతరు. అప్పుడు చెప్పిన: ఆల్ట్ నొక్కి పట్టుకో, కుడిచేతి దిక్కున్న అంకెల కీల మీద 0176 కొట్టు, ఆల్ట్ ఇడ్సిపెట్టు. ° వచ్చిందా? ఇది నిజం డిగ్రీ. దీన్ని ఏడికి పంపినా డిగ్రీ లెక్కనే పోతది.

గోడకు నేను అతికించుకున్న కాయితం ఉంటది, దాని ఫోటో అడిగినోళ్లకు ఇస్త. ± కావాల్నంటే 0177. × అంటే 0215, ÷ అంటే 0247. పైన చిన్న రెండు ² అయితే 0178, మూడు ³ అయితే 0179. పావు ¼ 0188, సగం ½ 0189, ముప్పావు ¾ 0190. ఇయ్యన్నీ సున్నాతోటి మొదలైతయి. సున్నా లేనియి కూడ ఉన్నయి: √ కు 251, π కు 227, ∞ కు 236. మా పిల్ల అడిగింది, "డిగ్రీకి 248 కొట్టినా వస్తున్నది, 0176 కొట్టినా వస్తున్నది, ఏది కరెక్టు అక్కా?" మంచి ప్రశ్న. రెండూ కరెక్టే. 1981ల వచ్చిన ఐబీఎం పీసీ కాలంల 256 గుర్తులతోని ఒక పట్టిక ఉండె. దాంట్ల డిగ్రీ నంబరు 248. తర్వాత విండోస్ తన సొంత పట్టిక పెట్టుకున్నది, దాంట్ల డిగ్రీ 176. పాత అలవాటున్నోళ్లు ఇబ్బంది పడొద్దని పాత నంబర్లు అట్లనే ఉంచి, కొత్త పట్టిక కావాల్నంటే ముందు సున్నా కొట్టుమన్నరు. గా ఒక్క సున్నా మర్చిపోతే ± బదులు ▒ అసొంటి చుక్కల డబ్బా వస్తది, జనం కంప్యూటర్ ఖరాబైందనుకుంటరు.

ఒకటి జాగ్రత్త. నెట్‌ల దొరికే కొన్ని పట్టికలల్ల డిగ్రీకి 167 అని ఉంటది. అది కొడితే º వస్తది. చూస్తానికి డిగ్రీ లెక్కనే ఉంటది గని అది స్పానిష్, పోర్చుగీసోళ్లు ఒకటో, రెండో అని రాసేటప్పుడు అంకె పక్కన పెట్టుకునే ఓ. కొన్ని ఫాంట్లల్ల దాని కింద చిన్న గీత కూడ వస్తది. సైన్స్ పేపర్ల 37 పక్కన ఆ గీత ఎందుకొచ్చిందో తెల్వక తల పట్టుకుంటరు.

ఇంటర్ కాలేజీల లెక్కలు చెప్పే సార్ ఒకాయన మాకు పాత గిరాకీ. ఆయన పేపర్ ఇచ్చి పోడు, పక్కన కుర్చీ ఏసుకొని కూసుంటడు. రూపాయి గుర్తుకు వర్డుల ఆల్ట్ పట్టి 8377 కొడితే ₹ వస్తదని ఆయనకు చూపించిన. ఇంటికి పోయి పాత నోట్‌ప్యాడ్‌ల కొట్టిండట, రూపాయి రాలె, రెండు నిలువు గీతలకు ఎడమ దిక్కు రెండు అడ్డగీతలు తగిలిచ్చినట్టు ╣ వచ్చింది. తెల్లారి షాపు తెరవకముందే వచ్చి నిలవడ్డడు. మొఖం ఎలిగిపోతున్నది. "అమ్మా, దొరికింది! 8377ను 256తోటి భాగించు. 32 సార్లు పోతది, 8192. మిగిలింది 185. పాత పట్టికల 185 అంటే గీ గీతల బొమ్మనే!" అన్నడు. నిజంగనే అంతే. వర్డుకు పెద్ద నంబర్లు అర్థమైతయి. పాత నోట్‌ప్యాడ్‌కు 255 దాటితే తెల్వదు, మళ్ల సున్నా నుంచి లెక్కపెట్టుకుంటది. సార్ ఆ ఏడు పిల్లలకు శేషం లెక్కల ఇదే ప్రశ్న ఇచ్చిండు. టైపు చేసింది నేనే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. గుర్తు కనబడితే చాలనుకునుడు ఎంత దూరం తీస్కపోతదో చెప్పాలె.

కాకతీయ యూనివర్సిటీల ఫార్మసీ చదివేటోళ్ల థీసిస్‌లు మా దగ్గరికి బాగ వస్తయి. వాళ్లకు మైక్రోగ్రాములు ఊపిరి అసొంటియి. ఒక పిల్ల థీసిస్ ఫైలు పట్టుకొచ్చింది. టైపింగ్ వేరే దగ్గర చేయించుకున్నది, నేను చేయవల్సింది అలైన్‌మెంటు, పేజీ నంబర్లు, బైండింగు మాత్రమే. ఫార్మాట్ ప్రకారం అంతా టైమ్స్ న్యూ రోమన్ ఉండాలె అన్నది. మొత్తం సెలెక్ట్ చేసి ఫాంటు మార్చిన. పేజీలు కదిలినయి, అది మామూలే. పట్టికలు సదురుకుంట పోతుంటే ఒక కాడ కన్ను ఆగింది. డోసు 250 మిల్లీగ్రాములు అని ఉన్నది, కింద అదే మందుకు ఇంకో పట్టికల 0.25 మిల్లీగ్రాములు అని ఉన్నది. నాకు ఫార్మసీ రాదు గని లెక్క వస్తది. "చెల్లె, గిదేంది, ఒకే మందు ఈడ వెయ్యి రెట్లు ఎక్కువున్నది?" అన్న. పిల్ల మొఖం తెల్లవడ్డది. "అది మిల్లీ కాదక్కా, మైక్రో."

ఏమైందంటే, ముందుగాల టైపు చేసినోళ్లు మైక్రో గుర్తు కోసం ఇంగ్లీషు చిన్న ఎం కొట్టి, ఆ ఒక్క అక్షరానికి సింబల్ అనే ఫాంటు పెట్టిన్రు. ఆ ఫాంటుల ఎం అక్షరం గ్రీకు మ్యూ లెక్క కనబడతది. ఏ కొడితే ఆల్ఫా, బి కొడితే బీటా, పి కొడితే పై, క్యూ కొడితే తీటా. తెర మీద అంతా బంగారం లెక్క ఉంటది. కానీ కంప్యూటర్ లోపల దాచుకున్నది ఎం అక్షరమే. ఫాంటు మార్చంగనే ముసుగు ఊడింది, మైక్రోగ్రాము మిల్లీగ్రాము అయికూసున్నది. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. మందుల విషయంల ఇది ఏమన్న చిన్న తేడానా?

సరే, వెతికి మార్చేద్దామంటే అది కూడ కుదరదు. ఆ థీసిస్‌ల నిజమైన మిల్లీగ్రాములు కూడ ఉన్నయి. ఏ ఎం నిజం ఎం, ఏ ఎం మ్యూ వేషమేసిన ఎం అన్నది ఫాంటు మార్చినంక వర్డుకు తెల్వదు. అదృష్టానికి ఆ పిల్ల తెచ్చిన పెన్‌డ్రైవుల మార్చకముందున్న ఫైలు అట్లనే ఉన్నది. అందుల సింబల్ ఫాంటు ఉన్న అక్షరాలను మాత్రమే పట్టుకోమని వెతికిచ్చి, ఒక్కొక్కదాన్ని అసలు మ్యూతోటి మార్చినం. అయినా నమ్మకం కుదరక ల్యాబ్ నోట్‌బుక్కు పక్కన పెట్టుకొని ఆ పిల్ల చదువుడు, నేను చూసుడు. రాత్రి షట్టరు సగం దించి ఆ పని చేసినం, మా ఆయన మధ్యల రెండుసార్లు ఫోన్ చేసిండు.

పాలిటెక్నిక్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులల్ల ఇదే కథ ఇంకో వేషంల వస్తది. సింబల్ ఫాంటుల పెద్ద డబ్ల్యూ కొడితే ఓమ్ గుర్తు Ω. ఫాంటు పోతే 10 ఓమ్‌ల రెసిస్టరు 10 వాట్లైతది. కరెంటు లెక్కల వాట్ కూడ ఉండేదే గనుక చూసినోళ్లకు అనుమానం కూడ రాదు. తప్పు తప్పు లెక్క కనబడితే దిద్దుకుంటం. ఇది ఒప్పు లెక్క కనబడతది, గదే బాధ.

అందుకే మా షాపుల సింబల్ ఫాంటు వాడొద్దని మా పిల్లకు గట్టిగ చెప్పిన. మైక్రోకు ఆల్ట్ 0181. లేకపోతే వర్డుల నాలుగంకెల కోడు కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కుడు. ఈ ఆల్ట్ ఎక్స్ నాకు అన్నిటికన్న ఇష్టమైన ఉపాయం. ప్రపంచంల ఉన్న అక్షరాలకు, గుర్తులకు యూనికోడ్ అనే ఒకే పెద్ద పట్టిక ఉన్నది. మొదటి కూర్పు 1991ల వచ్చింది, అందుల మన తెలుగు కూడ ఉన్నది. ప్రతి గుర్తుకు ఒక నంబరు, ఆ నంబర్లల్ల ఇంగ్లీషు ఏ నుంచి ఎఫ్ దాక అక్షరాలు కూడ కలుస్తయి. వర్డుల 00బి5 కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కుతే µ. 221ఎ కొడితే √. 2264 కొడితే ≤. ఇంకో సులువు ఏందంటే, తెల్వని గుర్తు పక్కన కర్సరు పెట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కుతే అది తన నంబరు చెప్తది. ఎవరన్న ఫైలు తెస్తే మొదలు నేను చేసే పని అదే. మ్యూ మీద నొక్కుతే 006డి అని వచ్చిందనుకోరి, అది ఎం, దొంగ. 00బి5 అని వస్తే అసలు మైక్రో. 03బిసి వస్తే గ్రీకు మ్యూ, అది కూడ పర్వాలేదు గని ఒక ఫైలంతా ఏదో ఒక్కటే ఉండాలె. రెండూ కలిపితే వెతికేటప్పుడు సగం దొరుకుతయి, సగం దొరకయి. ఆల్ట్ ఎక్స్ వాడేటప్పుడు చిన్న మెలిక: అంకె పక్కనే కోడు కొడితే, 25 పక్కన 00బి0 కొట్టినట్టయితే, వర్డు ఆ 25ను కూడ కోడుల కలుపుకుంటది. అందుకని కోడు మటుకు సెలెక్ట్ చేసి నొక్కాలె. ఎక్సెల్‌ల ఈ ఉపాయం నడవదు, వర్డుల కొట్టి కాపీ చేసుకోవాలె.

రూపాయి గుర్తుది ఇంకో కథ. 2010 జులై 15న కేంద్ర క్యాబినెట్ కొత్త గుర్తును ఒప్పుకున్నది, గీసినాయన డి. ఉదయకుమార్. గుర్తయితే వచ్చింది, కంప్యూటర్లల్ల లేదు. యూనికోడ్‌ల అదే ఏడు అక్టోబర్‌ల 20బి9 నంబరు ఇచ్చిన్రు గని, అది మా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ల దాక వచ్చుడు అంత తొందరగ కాలె. ఈలోపల జనానికి ఆత్రం. నెట్‌ల ఒక ఫాంటు తిరిగింది. టాబ్ కీ పైన, ఒకటి అంకెకు పక్కన ఒక కీ ఉంటది చూడుండ్రి, ఎవరూ ముట్టుకోరు, ఒక చిన్న వాలుగీత ` పడతది. ఆ ఫాంటు పెట్టి ఆ కీ నొక్కుతే కొత్త రూపాయి గుర్తు. ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాలోళ్లు బిల్లు బుక్కులల్ల కొత్త గుర్తే కావాలని ఎగబడ్డరు. అందరం అదే ఫాంటు వాడినం. ఇప్పుడు ఆ దుకాణాలోళ్లు పాత ఫైలు తెచ్చి, గీ పేరు మార్చి మళ్ల ప్రింటియ్యి అక్కా అంటరు. తెరిస్తే రేట్ల ముందట వాలుగీతలు. రూపాయి గుర్తులన్నీ ఏడికి పోయినయి? ఏడికీ పోలె, అప్పుడు కూడ లేకుండె. మిర్చి ధర ముందట ఉన్నది ఎప్పుడూ వాలుగీతనే, ఫాంటు వేషం ఏసింది.

ఇప్పుడైతే సులువు. విండోస్‌ల కీబోర్డు భాష ఇంగ్లీష్ ఇండియా అని పెట్టుకుంటే, కుడిచేతి ఆల్ట్ పట్టి 4 నొక్కుతే ₹ వస్తది. చానామందికి ఇది తెల్వదు. కొత్త కీబోర్డుల 4 మీద రూపాయి బొమ్మ అచ్చేసి ఉంటది, అది నొక్కి డాలర్ వచ్చిందని కీబోర్డు వాపసిద్దామనుకునేటోళ్లు ఉన్నరు.

భూముల కాయితాలల్ల గుర్తు ఒక్కటే, గీతనా చుక్కనా అని. మా దిక్కు ఎకరానికి 40 గుంటలు. ఐదెకరాల పన్నెండు గుంటలను 5-12 అని రాస్తరు, కొందరు 5.12 అని చుక్క పెడతరు. ఎక్సెల్‌ల 5-12 కొట్టంగనే అది డిసెంబర్ 5 అయితది. 5.12 కొట్టి కూడిక పెడితే ఇంకా ఘోరం, గుంటలు వందకొకటి లెక్క కలుస్తయి. 5-12 మొత్తానికి ముందు ఒక సింగిల్ కోట్ పెట్టి కొట్టాలె, లేకపోతే ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి. నేను రెండు గడులే పెడత, అన్నదమ్ముల పంపకాల కాడ కొట్లాట నా మీదికి రావద్దు.

తెలుగు దగ్గరికి వస్తే గుర్తుల గోస ఇంకా ఎక్కువ. కీబోర్డు మనది కాదు గద. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూడుండ్రి, చౌరస్తా నుంచి సుబేదారి దాక. దుఃఖంల విసర్గ ఉండాల్సిన కాడ ఇంగ్లీషు కోలన్ ఉంటది, దు:ఖం అని. రెండు చుక్కలు రెండు చుక్కలే కదా అంటరు. కంప్యూటర్‌కు కాదు. కోలన్ పెడితే ఆ మాట అక్కడికక్కడ రెండు ముక్కలు. వెతికితే దొరకదు, డబుల్ క్లిక్ చేస్తే సగమే సెలెక్ట్ అయితది. గృహప్రవేశం కార్డులల్ల శ్లోకం పెట్టుమంటరు, శివోఽహంల ఽ బదులు ఇంగ్లీషు ఎస్ కొట్టిన కార్డులు నా చేతులమీదికెల్లి ఎన్నో పోయినయి, వేరే దగ్గర్నుంచి వచ్చిన మ్యాటర్‌లు. అసలు అవగ్రహకు యూనికోడ్‌ల సొంత నంబరు ఉన్నది, 0సి3డి. అరసున్నకు 0సి01. బండి ర అంటే ఱ కు 0సి31. ఛందస్సు మీద పరిశోధన చేసే తెలుగు డిపార్టుమెంటోళ్లకు ఈ మూడు లేకుంటే పని నడవదు. గోడమీది కాయితంల ఇయ్యి ఎర్ర పెన్నుతోని రాసిపెట్టిన.

కనబడని గుర్తు ఒకటున్నది, అదే అన్నిటికన్న పెద్ద తలనొప్పి. వరంగల్‌లో అని కొట్టాలె. మామూలుగ కొడితే ల్ కింద ల ఒత్తు పోయి వరంగల్లో అయితది. రాజ్‌కుమార్ అని కొడితే జ కింద క ఒత్తు పడి రాజ్కుమార్. పెండ్లి పిలగాని పేరు అట్ల వస్తే వాళ్ల నాయిన ఊకుంటడా? పొల్లు తర్వాత మధ్యల ఒక గుర్తు పెట్టాలె, దాని నంబరు 200సి. అది తెర మీద కనబడదు, కాయితం మీద కనబడదు, స్థలం కూడ తీసుకోదు. దాని పని ఒక్కటే, ఇవతలి అక్షరాన్ని అవతలి అక్షరంతోటి కలవనియ్యకపోవుడు. మా పిల్ల దీనికి పెట్టిన పేరు ఆడబిడ్డ. ఆమెకు కొత్తగ పెండ్లయింది, నేనేమనలె.

గీ ఆడబిడ్డ ఒకసారి ప్రపంచం మొత్తం పేరు తెచ్చుకున్నది. 2018 ఫిబ్రవరిల మన జ్ఞా అక్షరం మధ్యల ఆ కనబడని గుర్తు చేరిన ఒక వరుస మెసేజ్‌ల వస్తే ఐఫోన్లల్ల యాప్‌లు పట్టుమని పడిపోయినయి. చూపియ్యబోతేనే యాప్ మూతపడుడు. ఆ నెలలనే ఆపిల్ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఇంగ్లీషు పేపర్లు, టీవీలు తెలుగు అక్షరం తెలుగు అక్షరం అని ఒకటే రాసుడు. మా షాపుకొచ్చే ఎన్ఐటీ పిలగాండ్లు ఆ వారం అందరు ఒకరికొకరు అదే పంపుకున్నరు. నాకున్నది చిన్న ఫోను, నాకేం కాలె.

మండి బజార్ నుంచి పెండ్లి పత్రికలు తెచ్చే ఒక అన్న ఉన్నడు. ఉర్దూ మ్యాటర్ వాళ్లే తయారు చేసుకొస్తరు, పైన బిస్మిల్లా మాత్రం బొమ్మ పెట్టుమంటడు. బొమ్మ పెద్దగ చేస్తే అంచులు పగిలిపోతయి. యూనికోడ్‌ల బిస్మిల్లా వాక్యం మొత్తానికి కలిపి ఒకే నంబరు ఉన్నది, ఎఫ్‌డిఎఫ్‌డి. అది కొట్టి, మంచి ఫాంటు పెట్టి, ఎంత పెద్దగ చేసినా గీతలు చాకు లెక్క ఉంటయి. ఆయనకు చూపించిన నాడు, "ఇన్నేండ్ల సంది గీ బొమ్మతోని సంపుకతిన్నవు" అని నన్నే తిట్టిండు.

ల్యాప్‌టాప్ వాడేటోళ్లు అడుగుతరు, మాకు పక్కన అంకెల కీలు లేవు, ఆల్ట్ కోడ్ ఎట్ల అని. పైన వరుసల ఉన్న అంకెలతోని అది రాదు, వట్టిగ కొట్టుకోకుండ్రి. విండోస్ 10, 11ల విండోస్ కీ పట్టి చుక్క కీ నొక్కుతే ఎమోజీల డబ్బా తెరుచుకుంటది, దాంట్లనే గుర్తుల భాగం ఒకటున్నది. ఎక్కువ లెక్కలున్నోళ్లు వర్డుల ఆల్ట్ పట్టి ఈక్వల్స్ నొక్కుతే ఈక్వేషన్ గడి వస్తది. దాంట్ల బ్యాక్‌స్లాష్ కొట్టి ఆల్ఫా అనో బీటా అనో ఇంగ్లీషు స్పెల్లింగు రాసి స్పేస్ కొడితే అదే గుర్తు అయితది. రోజుకు పది పేపర్లు చేసేటోళ్లకు ఇదే తొందర. నేను ఇప్పుడు లెక్కల పేపర్లన్నీ ఇట్లనే చేస్తున్న. పాత వర్డు ఈక్వేషన్ ఎడిటర్‌తోని చేసిన పేపర్లు దాచుకున్న సార్లకు మాత్రం ఒక మాట. ఆ ఎడిటర్‌ను భద్రత లోపం బయటపడ్డదని 2018 జనవరిల ఆఫీస్ నుంచి తీసేసిన్రు. పాత సమీకరణాలు కనబడతయి, ప్రింటు అయితయి, లోపల అంకె మార్చనియ్యవు. నన్ను తిడితే లాభం లేదు, మళ్ల కొట్టుడే.

మొన్న హిస్టరీల పరిశోధన చేసే ఒక తమ్ముడు వచ్చిండు. పాత దుకాణం లెక్కల పుస్తకం జిరాక్సులు తెచ్చిండు. ధాన్యం కొలిచే కుంచాలు, తూములు, పావులు, వీసాలు. అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు. "అక్కా, ఇయ్యి ఎట్లనో అట్ల థీసిస్‌ల రావాలె, బొమ్మలు పెట్టొద్దన్నరు గైడు సార్." ఇసొంటివి యూనికోడ్‌ల ఉంటయా అని నాకు అనుమానమే ఉండె. తీరా చూస్తే 2008లనే చేర్చిన్రు, తెలుగు పట్టిక చివర, 0సి78 నుంచి 0సి7ఎఫ్ దాక. పావుకు ౹, సగానికి ౺, ముప్పావుకు ౻, నిలువు గీతలు. వీసం అంటే పదహారో వంతు, దానికి ౼, పరకకు, అంటే రెండు వీసాలకు ౽, మూడు వీసాలకు ౾, అడ్డగీతలు. తూముకు కూడ ఒక గుర్తున్నది, ౿. ఆ తమ్ముడు తెర ముందట కూసొని తన జిరాక్సు, నా తెర, మార్చి మార్చి చూసిండు.

నంబరు ఉన్నది గని అన్ని తెలుగు ఫాంట్లల్ల బొమ్మ లేదు. లేని కాడ ఖాళీ డబ్బా వస్తది. నా కంప్యూటర్ల ఉన్న ఫాంట్లు ఒక్కొక్కటి పెట్టి చూసుకుంట పోయి, వచ్చేదాన్ని పట్టుకున్న. గైడు సార్ కంప్యూటర్ల ఆ ఫాంటు ఉంటదన్న నమ్మకం లేదు గనుక, వర్డు ఫైలు ఇయ్యకు, పీడీఎఫ్ ఇయ్యి, ఫాంటు లోపలనే పెట్టి చేసిస్త అని చెప్పిన. వర్డే కావాల్నంటే సేవ్ ఆప్షన్లల్ల ఫాంట్లు ఫైలుల కలుపుమని ఒక టిక్కు ఉంటది, అది పెట్టాలె. ఆయన సరే అన్నడు. బిల్లు రాసేటప్పుడు మటుకు, "అక్కా, వట్టి గీతలే కదా, ఆ పేజీలకు కూడ లెక్కల రేటేనా?" అన్నడు. లెక్కల పుస్తకం తెచ్చింది నువ్వే కదా తమ్మీ అన్న.